పీఎఫ్ కడితే సరిపోదు, కాగితం కార్మికుడి చేతికి రావాలి

మన దగ్గర ఏ యజమానిని కదిలించినా ఒకటే జవాబు: "నెలనెలా పీఎఫ్ కడుతున్నాం, ఇంకేం కావాలి?" నిజమే, చాలామంది కడుతున్నారు. ఉద్యోగి వాటా 12 శాతం, తమ వాటా 12 శాతం, తర్వాతి నెల 15లోపు చలానా. అయితే ఆ డబ్బు ఎవరిది, మనిషి పోతే ఎవరికి చేరాలి అన్నది కూడా రాతలో పక్కాగా ఉండాలని చట్టం చెబుతోంది. వరంగల్ నుంచి నిజామాబాద్ దాకా గండి పడుతున్నది అక్కడే.

బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతే చూడండి. కోరుట్ల, కామారెడ్డి వైపు ఇంట్లోనే చాట ముందేసుకుని ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లు. పీఎఫ్‌లో చేర్చేటప్పుడు టేకేదారు, అంటే పని పంచే గుత్తేదారు, తనకు తోచిన పేరు రాసి పంపుతాడు. ఆధార్‌లో లచ్చవ్వ, పీఎఫ్‌లో లక్ష్మి. పుట్టిన తేదీ రెండింటిలో రెండు రకాలు. 58 ఏళ్లు నిండి పింఛనుకు పోతే రికార్డు కలవదు. జాయింట్ డిక్లరేషన్, అంటే తప్పులు దిద్దమని కార్మికుడు, యజమాని కలిసి ఇచ్చే అర్జీ, దాని మీద యజమాని సంతకం తెమ్మంటారు. ఖార్ఖానా మూతపడి ఉంటే ఆమె ఎవరి గడప తొక్కాలి? రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే పింఛనుకు కూడా పీఎఫ్ సభ్యత్వమే ఆధారం. ఒక్క తప్పుడు రాతతో రెండు పింఛన్లూ చిక్కుల్లో పడతాయి.

హనుమకొండలోని ప్రైవేటు కాలేజీలు, ఆస్పత్రుల్లోనూ పెద్ద తేడా లేదు. ఈ-నామినేషన్ (తన తర్వాత డబ్బు ఎవరికి చేరాలో ఆన్‌లైన్‌లో రాయడం) చేశావా అంటే "ఆఫీసువాళ్లు చూసుకుంటారు" అంటారు. పీఎఫ్‌తో పాటే ఈడీఎల్ఐ అనే బీమా ఉందని, ఉద్యోగి పైసా కట్టకుండానే, సర్వీసులో చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు వస్తుందని ఎంతమంది ఇళ్లలో తెలుసు? గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం వీడేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తానికి, ఐదేళ్ల సర్వీసు నిండాలన్న నిబంధన మరణం విషయంలో వర్తించదని కూడా చెప్పేవాళ్లు లేరు.

గ్రాట్యుటీ నిబంధనలు 1972లోనే ఈ విషయం చాలా స్పష్టంగా చెప్పాయి. ఉద్యోగి ఫారం-ఎఫ్‌లో నామినేషన్ ఇస్తే, యజమాని వివరాలు సరిచూసి, ధ్రువీకరించి, 30 రోజుల్లో ఒక ప్రతిని తిరిగి ఉద్యోగికే ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. చట్టం సారాంశాన్ని ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో గోడకు పెట్టాలి. అంటే మన దగ్గర తెలుగులో. ఆ నోటీసు మీ ఆఫీసులో ఉందా, చూసుకోండి. అమెరికాలో ఉద్యోగుల పింఛను పథకాల మీద వచ్చిన 1974 నాటి ఎరిసా చట్టం కూడా పథకంలో చేరిన 90 రోజుల్లోగా, మామూలు ఉద్యోగికి అర్థమయ్యే మాటల్లో వివరాలు ఇవ్వాలంటుంది.

పాతికమందితో రైస్ మిల్లు నడిపేవాళ్ల టెన్షన్ నాకు తెలియనిది కాదు. రిటర్నులన్నీ కన్సల్టెంటుకు అప్పగిస్తారు. ఆయన చలానా చూస్తాడు గానీ హమాలీ ముఖం ఎన్నడూ చూడడు. కానీ పాతికమంది ఆధార్ కార్డులు ముందుపెట్టుకుని పేర్లు సరిచూడటానికి ఒక పూట చాలు, పైసా ఖర్చు లేదు. ఈ ఒక్క పని చేయనందుకు సాకు ఏదీ నాకు సబబుగా తోచదు.

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం తప్పనిసరి అయింది. ఇన్‌స్పెక్టర్లకు ఫెసిలిటేటర్, అంటే దారి చూపేవారు, అన్న హోదా కూడా కలిపారు. తనిఖీకి వచ్చినప్పుడు వాళ్లు చలానాలతో పాటు నామినేషన్ రసీదులు కూడా బల్ల మీద పెట్టమనాలి. ఆ రసీదుల మీద సంతకం చేసిన కార్మికుల్లో నలుగురిని పిలిచి, అందులో ఏముందో అడగాలి.