సవరణ: విమానం రెక్క మీది గాలి గురించి

విమానం ఎలా లేస్తుందన్న ప్రశ్నకు మొన్న నేనిచ్చిన జవాబులో తప్పుంది. రెక్క ముందు చీలిన గాలి వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలని, పైదారి పొడవు కాబట్టి అక్కడ వేగం పెరుగుతుందని రాశాను. అలా కలవాలన్న నియమమేదీ లేదు. నిజానికి పైగాలే ముందు చేరుతుంది. పైన వేగం ఎక్కువ, పీడనం తక్కువ అన్నది మాత్రం సరైనదే. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడో నియమం (ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుంది) ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది.

"మరి కొన్ని విమానాలు తలకిందులుగా ఎలా ఎగురుతాయి సార్?" అని ఒక ఇంటర్ అమ్మాయి అప్పుడే అడిగింది. విషయానికి సంబంధం లేదని ఆ ప్రశ్న తీసేశాను. నా తప్పు పట్టించిన ప్రశ్న అదే: పైదారి పొడవే కారణమైతే, తలకిందులైనప్పుడు ఆ పొడవు దారి కిందికి వచ్చి విమానం పడిపోవాలి కదా. తిరిగి పెట్టాను. తలకిందులైనా రెక్కను గాలికి తగిన కోణంలో ఉంచితే గాలి కిందికే మళ్లుతుంది. క్షమించమ్మా.