మున్సిఫ్ కోర్టు మెట్ల నుంచి

ఫాతిమా బీవీ గారి మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారని చెప్పి, అక్కడి నుంచి తమిళనాడు గవర్నర్ పదవికి దూకేశారు. అసలు కథ అంతకు ముందుదే కదండీ! 1958లో కేరళలో మున్సిఫ్‌గా, అంటే కింది స్థాయి సివిల్ జడ్జిగా మొదలై, సబ్ జడ్జి, జిల్లా జడ్జి... ఒక్కో మెట్టే ఎక్కి 1983లో హైకోర్టుకు చేరారు. పాతికేళ్లు! ఇంకో విశేషం: 1989 ఏప్రిల్‌లో 62 ఏళ్లు నిండి హైకోర్టు నుంచి రిటైరయ్యారు కూడా. సుప్రీంకోర్టులో వయోపరిమితి 65 కాబట్టి, ఆ అక్టోబరులో పిలుపొచ్చింది. అంటే అక్కడ ఆమెకు దక్కింది మూడేళ్లలోపే. హైకోర్టుకు ఇంకాస్త ముందే పంపి ఉంటే ఎన్ని తీర్పులు రాసేవారో. అదే కేరళ నుంచి 1959లోనే అన్నా చాందీ హైకోర్టు జడ్జి అయ్యారు, ఆవిడ గురించి కూడా రాయండి.