లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ గారికి ఒక ఉత్తరం

లాస్ట్ ఫ్రాస్ట్ డేట్ గారికి,

అమెరికాలోని మినియాపొలిస్ నుంచి, ఇంటి వెనక ప్యాటియోలో ఐదు బకెట్ల ఆసామీ నమస్కరించి రాయునది. మేమంతా ఇక్కడ క్షేమం. టమాటాలు మాత్రం క్షేమం కాదు, ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

ఫ్రాస్ట్ అంటే రాత్రిపూట ఆకుల మీద గడ్డకట్టే మంచు, వసంతంలో అది ఆఖరుసారి పడే రోజు మీరు అంటారు. మీ పేర్లో లాస్ట్ అని ఉంది కదా అని నమ్మానండి, నాదే బుద్ధి తక్కువ. పోయినేడు ఫోన్లో వెతికితే ఏప్రిల్ ఆఖరి వారం అని కనపడ్డారు, ఇంకేం, మార్చి నుంచి కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో సాకుతున్న నారంతా తీసుకెళ్లి బయట పెట్టేశా. తర్వాత తెలిసింది మీ లెక్క. 30 ఏళ్ల వాతావరణం ముందేసుకుని, సగం ఏళ్లలో ఈ రోజు దాటాక కూడా ఫ్రాస్ట్ పడింది, సగం ఏళ్లలో పడలేదు అని తేల్చి, దానికి లాస్ట్ అని పేరు పెట్టుకున్నారు. బొమ్మా బొరుసా వేసుకునేదానికి క్యాలెండర్ ఎందుకండీ? మా మృగశిర కార్తెని చూసి నేర్చుకోండి, ఏటా జూన్ 7కో 8కో ఠంచనుగా దిగుతుంది. వాన తెస్తుందా లేదా అన్నది వేరే గొడవ అనుకోండి.

మే మొదటి వారం, రాత్రి పదింటికి ఫోన్లో 3 డిగ్రీలు అని ఉంది, సున్నా కాదుగా అని పడుకోబోతుంటే పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు, వాళ్లు చెప్పే డిగ్రీలు ఐదడుగుల ఎత్తులోవి, నీ బకెట్లు నేల మీద ఉన్నాయి, ఇలాంటి రాత్రి నేల ఇంకా చల్లబడుతుంది నాయనా అని. చెప్పులేసుకుని పరిగెత్తా. మిర్చి మీద గళ్ల లుంగీ, టమాటా మీద చెత్త వేసే ప్లాస్టిక్ కవర్. పొద్దున చూస్తే లుంగీ అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, కింద మిర్చి నిక్షేపంగా ఉంది. ప్లాస్టిక్ తగిలిన టమాటా ఆకులు మాత్రం ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే "మే నెల్లో మంచేంట్రా, ఇక్కడ ఖమ్మంలో రోళ్లు పగిలిపోతుంటే" అంది. స్నో కాదమ్మా ఫ్రాస్ట్ అన్నా, తెలుగులో రెండూ మంచే కదా, ఆవిడ నమ్మలేదు.

ఈ ఏడు మీతో పెట్టుకోలేదు. పాలకూర, ముల్లంగి, బఠాణీ మీకు జడిసే రకాలు కాదు కాబట్టి ఏప్రిల్లోనే బయట విత్తేశా, మీరొచ్చి ఒకసారి ముఖం చూపించి వెళ్లినా అవి పట్టించుకోలేదు. టేకవుట్ డబ్బాకి అడుగున బెజ్జాలు పెట్టి, రెండంగుళాల మట్టి పోసి, పోపుల పెట్టెలోంచి గుప్పెడు మెంతులు చల్లి కిటికీలో పెడితే మూడు వారాలకి పప్పులోకి మెంతికూర. కొత్తిమీర కూడా చల్లగా ఉన్నప్పుడే, ఎండ ముదిరిందా పూతకెళ్లిపోతుంది. మిర్చి, టమాటా, గోంగూర మాత్రం రాత్రిళ్లు 10 డిగ్రీల పైన నిలబడేదాకా, అంటే మే ఆఖరు దాకా గడప దాటనివ్వను. అప్పుడు కూడా మొదటి రోజు ఒక గంట, మర్నాడు రెండు గంటలు అలా వారం పది రోజులు, పసిపిల్లని చంకనేసుకుని వీధి తిప్పినట్టు బకెట్లు లోపలికీ బయటికీ మోయాలి. నడుం పడిపోయింది, ఆ మందుల బిల్లు ఎవరికి పంపాలో కూడా సెలవివ్వగలరు.

ఇట్లు,
ప్యాటియో రైతు

తా.క.: అక్టోబర్లో మీ తమ్ముడు ఫస్ట్ ఫ్రాస్ట్ గారు వస్తారుగా, ఒక రెండ్రోజులు ముందు కబురంపమనండి, గోంగూర కోసి పచ్చడి పెట్టుకోవాలి. లుంగీ ఉతికి తలుపు దగ్గరే ఉంచా.