టర్కీ కోళ్ల చావు నుంచి డీఎన్‌ఏ దాకా: జెరాల్డ్ వోగన్ పని మనకెందుకు?

బూజు పట్టిన పల్లీలు ఏరి పక్కన పెట్టాక వాటిని పారేసే ఇళ్లు తక్కువ. గేదెకు వేస్తాం, లేదంటే నూనె మిల్లుకు పోతాయి, అక్కడ మిగిలిన చెక్క మళ్లీ గేదె తొట్టిలోకే వస్తుంది. మనిషి తినకూడనిది పశువు తింటే ఏమీ కాదనే ఈ లెక్క ఎంత తప్పో తెలియాలంటే జెరాల్డ్ వోగన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త జీవితాంతం చేసిన పని తెలుసుకోవాలి.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కొన్ని నెలల్లోనే చచ్చిపోయాయి. ఏ సూక్ష్మజీవీ దొరకలేదు, అందుకే దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టిందని, అది వదిలిన విషమే కాలేయాన్ని దెబ్బతీసిందని పశువైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు కలిసి తేల్చారు. అదే అఫ్లాటాక్సిన్.

వోగన్ పశువైద్యుడు కాదు, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో టాక్సికాలజిస్టు, అంటే విషాల మీద పరిశోధన చేసేవాడు. 1963లో రసాయన శాస్త్రవేత్త జార్జ్ బ్యూకి బృందంతో కలిసి ఆ విషం అణువు నిర్మాణాన్ని బయటపెట్టాడు. పేద దేశాల పిల్లలకు చవకైన ప్రొటీన్‌గా వేరుశనగ పిండి ఇవ్వాలని అంతర్జాతీయ సంస్థలు ఆలోచిస్తున్న రోజులవి, కాబట్టి కోళ్ల జబ్బు కోళ్లతో ఆగుతుందా లేదా అన్నది చాలా పెద్ద ప్రశ్న. అక్కడి నుంచి 2021లో చనిపోయేదాకా ఆయన పేరు ముఖ్యంగా ఈ విషంతోనే ముడిపడి ఉంది.

విషం పనిచేసే తీరు ఇదీ. అఫ్లాటాక్సిన్ తనంతట తాను డీఎన్‌ఏ జోలికి పోదు. దాన్ని బయటికి పంపేద్దామని కాలేయంలోని ఎంజైములు మారుస్తాయి, ఆ మార్పులోనే అది చురుకైన రూపంలోకి వచ్చి డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే భాగానికి అతుక్కుంటుంది. ఎలా అతుక్కుంటుందో 1977లో వోగన్, ఆయన శిష్యుడు జాన్ ఎసిగ్‌మన్, సహచరులు చూపించారు. కణం ఊరుకోదు, చెడిన చోట డీఎన్‌ఏ పోగును కొంతమేర కత్తిరించి కొత్తది నింపుతుంది. కానీ అతుక్కున్న విషం ఒక్కోసారి రూపం మార్చుకుని మొండిగా నిలిచిపోతుంది, మరమ్మతు అయ్యేలోపే కణం విడిపోతే తప్పు అచ్చు పడిపోతుంది. కాలేయ క్యాన్సర్‌కు దారి అదే. ఎలుకల్లో రకాన్ని బట్టి తట్టుకునే శక్తి మారుతుంది. పెంపకపు టర్కీ కాలేయంలో ఆ చురుకైన రూపాన్ని అణిచే ఎంజైము పనిచేయదు, అడవి టర్కీలో పనిచేస్తుంది. మనం పెంచుకుంటూ వచ్చిన పక్షిలోనే ఆ రక్షణ పోయిందన్నమాట.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి అడుగు. డీఎన్‌ఏ నుంచి ఊడిపోయిన ఆ ముక్కలు మూత్రంలో కలుస్తాయి కదా, వాటినే కొలిస్తే మనిషి ఎంత విషం తిన్నాడో తెలుస్తుంది! షాంఘైలో 18,244 మంది మగవాళ్లను గమనించిన అధ్యయనంలో వోగన్ కూడా ఉన్నాడు. 1992లో ఫలితాలు వచ్చాయి. మూత్రంలో అఫ్లాటాక్సిన్ గుర్తులు, ఒంట్లో కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ రెండూ ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు, రెండూ లేనివాళ్లతో పోలిస్తే, దాదాపు 60 రెట్లు.

ఇదంతా పరాయి దేశం గొడవ కాదు. 1974లో రాజస్థాన్‌లోని బాన్‌స్వారా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ ఊళ్లలో కుక్కలకూ అదే జబ్బు. అఫ్లాటాక్సినే కారణమని చెప్పింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. టర్కీలు చచ్చి అప్పటికి 14 ఏళ్లు, ఆ మొక్కజొన్న తిన్నవాళ్లకు మాత్రం ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

అనంతపురం వైపు వేరుశనగకు కాయ ఊరే దశలో వాన మొహం చాటేస్తే బూజు నేలలోనే పట్టుకుంటుంది. తర్వాత గింజ విరగకూడదని కాయలను నీళ్లతో తడిపి ఒలిస్తే ఇంకాస్త పెరుగుతుంది. ఇందులో రైతును నిందించడానికి ఏమీ లేదు, విరిగిన గింజకు ధర రాదు మరి. కోళ్ల ఫారాల వాళ్లకు ఈ విషం సంగతి బాగా తెలుసు, దాణాలో టాక్సిన్ బైండర్, అంటే విషాన్ని పట్టి ఉంచే పదార్థం, కలుపుతారు. కోడి చస్తే నష్టం వెంటనే కనిపిస్తుంది. గేదె అలా చావదు, విషాన్ని కాస్త మార్చి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో పాలలోకి వదులుతుంది, కాచినా అది పోదు. పాలలో దానికి యూరప్ పరిమితి కిలోకు 0.05 మైక్రోగ్రాములు, మనది 0.5. పదిరెట్లు ఎక్కువ! పాలు ఎక్కువగా తాగేది పిల్లలే.

పాలకేంద్రంలో రోజూ వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) చూసి రేటు కడతారు. ఎం1 పరీక్ష కూడా అక్కడికే రావాలి, కనీసం వారానికోసారి, ఆ ఖర్చు రైతు బిల్లులో కోయకుండా. పాలలో విషం తేలితే ఆ రైతుకు ముందు అందాల్సింది మంచి దాణా, జరిమానా కాగితం కాదు.