దిష్టి కాదు, జబ్బు

మా అక్కకి కాన్పయి 40 రోజులు. పాప ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకుంటోంది. గ్లాసులో పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, దిష్టి తగిలిందని! ఎర్రనీళ్లు తిప్పారు, తాయెత్తు కట్టారు. డాక్టరు దగ్గరికి మాత్రం వద్దట, పరువు పోతుందట. మనిషి కంటే పరువు ఎక్కువా?

“బంగారంలాంటి మొగుడు, నీకేం తక్కువే?” అంటుంది పిన్ని. ఏదో తక్కువైతేనే డిప్రెషన్ వస్తుందా? కాన్పయ్యాక హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. రాత్రుళ్లు నిద్ర ఉండదు. కొందరికి థైరాయిడ్ కూడా దెబ్బతింటుంది. షుగరొచ్చినవాళ్లని “మనసు గట్టి చేసుకో” అంటారా? మరి దీనికెందుకంటారు?

మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా అక్కర్లేదు. నిన్న అక్క పక్కన కూర్చుని నేనే చేశాను.