నైతిక కమిటీ రబ్బరు స్టాంపా?

పిండ దశలోనే జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయ్ ప్రకటించినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత దర్యాప్తులో తేలిన సంగతి మమ్మల్ని ఇప్పటికీ కలవరపెడుతోంది. ఇలాంటి ప్రయోగాలు, చికిత్సలు న్యాయమైనవో కావో ముందే పరిశీలించే నైతిక కమిటీ ఆ ప్రయోగానికి ఆమోదం ఇచ్చినట్టు చూపిన పత్రం నకిలీది. ఒక్క కాగితం చేతిలో ఉంటే ఇంకెవరూ ఏమీ అడగరన్న ధీమా ఎక్కడి నుంచి వచ్చింది? 2019 డిసెంబరులో ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. ఆ పిల్లల జన్యువులను మాత్రం ఏ తీర్పూ సరిచేయలేదు.

సంతాన సాఫల్య చికిత్సకు వచ్చే దంపతులు అప్పటికే ఏళ్ల టెన్షన్ మోసి ఉంటారు. డాక్టరు చెప్పిన ప్రతిదానికీ తలూపుతారు, చూపిన చోటల్లా సంతకం పెడతారు. వాళ్లను తప్పుపట్టలేం. అందుకే వాళ్ల తరఫున నిలదీసి అడిగే మనుషులు నైతిక కమిటీలో కావాలి. ఒకటికి మించి పిండాలు ప్రవేశపెడితే నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరుగుతుందని చెప్పారా? అండం ఇస్తున్న మహిళ ఇష్టంతోనే ఇస్తోందా, అప్పులు తీరక ఒప్పుకుందా? హార్మోన్ ఇంజెక్షన్లు ఒక్కోసారి ప్రాణం మీదికి తేగలవని ఆమెకు తెలుసా? దంపతులు విడిపోతే దాచిన పిండాలు ఏమవుతాయి? దాత ద్వారా పుట్టిన బిడ్డ రేపు తన మూలం అడిగితే ఎవరు చెబుతారు? ఇన్ని సంతకాల మధ్య ఆ బిడ్డ మాట వినిపించేది కమిటీయే.

1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయిస్ బ్రౌన్ పుట్టిన బ్రిటన్, 1982లో ఇలాంటి ప్రశ్నలను తత్వవేత్త మేరీ వార్నాక్ నాయకత్వంలోని కమిటీకి అప్పగించింది. పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదని 1984లో ఆ కమిటీ సిఫారసు చేసింది. 1990లో అది చట్టమైంది. ఎన్నో దేశాలు అదే హద్దును పాటించాయి. వైద్యులకే వదిలేయకుండా సమాజమంతా తేల్చుకోవాల్సిన విషయమని ఒప్పుకోవడం ఆ కమిటీ ఏర్పాటులోని గొప్పతనం.

కమిటీల వల్ల ఆలస్యమవుతుందన్న ఫిర్యాదులో నిజముంది. వయసు మీద పడుతున్న మహిళకు ఆరు నెలలూ విలువైనవే. మామూలు చికిత్సలను కమిటీ దాకా లాగొద్దు. దాతలు, అద్దెగర్భం, కొత్త ప్రయోగాల విషయంలో మాత్రం గడువు పెట్టుకుని క్షుణ్ణంగా చూడాలి. ఆస్పత్రి జీతం తీసుకునేవారు అందులో ఎక్కువమంది ఉండకూడదు. చికిత్స పొందినవారికీ, దాతల ద్వారా పుట్టి పెద్దయినవారికీ చోటుండాలి. అనుమతి ఇచ్చాక ఏం జరుగుతోందో వెళ్లి చూసే, అవసరమైతే ఆపే అధికారం ఇవ్వాలి. ఎన్ని దరఖాస్తులు తిరస్కరించారో, ఎందుకో పేర్లు లేకుండా ఏటా వెల్లడించాలి. ఏళ్ల తరబడి ఒక్కదాన్నీ కాదనని కమిటీ ఉంటే, ముందు దాని మీదే విచారణ జరగాలి.