ఫొటోలో దృశ్యం సరే, ప్రింటును చూశారా?

మ్యూజియంలో ఫొటోల గదిని జనం చకచకా దాటేస్తారు. ఉన్నది ఎవరో, ఎక్కడో తెలియగానే చూడడం అయిపోయినట్టే. ఆ మాత్రానికైతే అంత దూరం వెళ్ళక్కర్లేదు, ఫోన్‌లోనే తెలుస్తుంది. ఫొటో కళేనా అన్న పాత తగువు తేలేది గోడ మీద ఉన్న ప్రింటు దగ్గరే.

పక్కనున్న చీటీతో మొదలుపెట్టండి. దాని మీద రెండు సంవత్సరాలుంటే, సాధారణంగా మొదటిది ఫొటో తీసిన ఏడు, రెండోది ప్రింటు వేసిన ఏడు. ఆ ఎడంలో ఎంత మారవచ్చో తెలియడానికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద తీసిన చంద్రోదయం చాలు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగు, పైన పల్చటి మబ్బులు. దశాబ్దాల తర్వాత వేసినవాటిలో ఆకాశం దాదాపు నలుపు, ఆ మబ్బుల జాడే లేదు. నెగెటివ్ (వెలుగునీడలు తారుమారుగా పడే మూలఫిల్ము) అదే, 1948లో దాని కింది భాగాన్ని రసాయనంతో కాస్త గాఢపరిచాడు, అంతే.

మరి ఆ నలుపు ఎలా వచ్చింది? ప్రింటు కాగితం వెలుతురు తగిలినకొద్దీ నల్లబడుతుంది. ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద పడేసే యంత్రం) కింద కాగితానికి మామూలుగా వెలుతురు తగలనిచ్చాక, మిగతా భాగాన్ని అట్టతో కప్పి ఆకాశానికి మాత్రం ఇంకొంతసేపు వెలుతురు తగలనిస్తారు. ఇది బర్నింగ్. నల్లబడకుండా కాపాడాల్సిన చోట వెలుతురును అడ్డుకుంటే డాడ్జింగ్. అట్టను ఆడిస్తూనే ఉండాలి. ఒక్కచోట ఆపితే గీత గీసినట్టు తేడా పడుతుంది. కొండకూ ఆకాశానికీ మధ్య అంచును వెతికి చూడండి, పనితనం అక్కడే బయటపడుతుంది.

‘ఇదంతా మార్చడమే కదా’ అనేవాళ్ళకు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ గుస్టావ్ లె గ్రే సముద్ర దృశ్యాలున్నాయి. 1850లలో నెగెటివ్‌లకు వాడిన కొలోడియన్ ప్లేట్ల (కాంతికి స్పందించే పూత పూసిన గాజు పలకల) మీద నీలి కాంతి మరీ బలంగా పనిచేసేది. సముద్రం సరిగా పడేంతసేపు ఉంచితే ప్రింటులో ఆకాశం వెలిసిపోయేది. అందుకని కొన్నింటిలో ఆయన మబ్బులకొక నెగెటివ్, కడలికొక నెగెటివ్ వాడి దిగంతం దగ్గర కలిపాడు. ఫొటోషాప్‌ను తిట్టేవాళ్ళకు ఇది మింగుడుపడదు.

ఇక కాగితం. ఎదురుగా చూశాక పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటుకు సన్నని మెరుపుంటుంది, తెలుపులు తరచూ పసుపుబారి ఉంటాయి. ప్లాటినం ప్రింటు మెరవదు. లోహం కాగితపు పీచులోనే ఇంకి ఉంటుంది కాబట్టి బూడిద ఛాయలు మెత్తగా పరుచుకుంటాయి. పాత జెలటిన్ సిల్వర్ ప్రింటు (జెలటిన్ పూతలోని వెండితో బొమ్మ ఏర్పడే నలుపు తెలుపు ప్రింటు) నల్లటి చోట్ల నీలిరంగు అద్దపు తళుకు కనిపిస్తే అది కళాకారుడు పెట్టింది కాదు, వెండి ఆక్సీకరణ చెంది పైకి తేలింది.

గదిలో వెలుతురు తక్కువని విసుక్కోకండి. సున్నితమైన ప్రింట్లకు వెలుతురును సుమారు 50 లక్స్ (వెలుతురు కొలమానం) మించనివ్వరు. కళ్ళు అలవాటు పడ్డాకే నీడల్లోని వివరాలు తేలతాయి.

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. గోడంత ప్రింటు కనబడగానే గొప్పదనిపిస్తుంది. దగ్గరికి వెళితే వివరం పెరుగుతోందా, మసకే పెద్దదవుతోందా అని చూసుకోవాలి. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ రైన్ నదిని తీసిన 1999 నాటి ‘రైన్ 2’ వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు. ఒడ్డున ఉన్న కట్టడాన్ని ఆయన కంప్యూటర్‌లో చెరిపేశాక మిగిలిన గడ్డి, నీళ్ళ పట్టీలు ఆ కొలతలోనే పనిచేస్తాయి. పోస్ట్‌కార్డు మీద అవి ఉత్త చారలు. పెద్ద ప్రింట్లన్నిటికీ అలాంటి కారణం ఉండదు.